డబ్బులు అడగలేదు.. షాపులో సైకిల్ లైట్ వెలిగించి వదిలేశారు! పానసోనిక్ ఫౌండర్ కథ తెలుసా?

సైకిల్ లైట్ కొనేవాళ్లు ఇప్పుడు ముందుగా అడిగేది ఒక్కటే.. ఎన్ని గంటలు వెలుగుతుంది? డబ్బా మీద రాసిన గంటలు నిజమేనా? వందేళ్ల కిందట జపాన్‌లోని ఒసాకాలో సైకిల్ షాపుల వాళ్లదీ ఇదే అనుమానం. ఆ అనుమానం తీర్చడానికి ఓ చిన్న వ్యాపారి తన సరుకునే పణంగా పెట్టారు. ఆయనే కొనోసుకే మత్సుషిత. ఇవాళ పానసోనిక్‌గా తెలిసిన కంపెనీని మొదలుపెట్టింది ఆయనే.

తొమ్మిదేళ్లకే పనిలోకి..

మత్సుషిత 1894 నవంబర్ 27న వకయామా ప్రాంతంలోని ఓ పల్లెలో పుట్టారు. ఎనిమిది మంది పిల్లల్లో ఆఖరివాడు. బియ్యం ధరల మీద పందెం లాంటి వ్యాపారం చేసి తండ్రి ఉన్న పొలమంతా పోగొట్టుకున్నారు. దాంతో తొమ్మిదేళ్లకే చదువు ఆపేసి, ఒంటరిగా ఒసాకా వెళ్లాల్సి వచ్చింది. మొదట కుంపట్లు అమ్మే కొట్లో చేరారు. కొన్ని నెలలకే అది మూతపడింది. ఆ తర్వాత ఓ సైకిల్ షాపులో కుదిరారు. అప్పట్లో సైకిల్ అంటే ఖరీదైన వస్తువు. రిపేర్లు, బేరాలు, కస్టమర్‌తో మాట తీరు.. అన్నీ అక్కడే వంటబట్టాయి.

ఒసాకా వీధుల్లో ట్రాములు చూశాక కుర్రాడి మనసు కరెంటు వైపు మళ్లింది. 1910లో ఎలక్ట్రిక్ కంపెనీలో వైరింగ్ పనిలో చేరారు. 1917లో ఆ ఉద్యోగం వదిలేసి, సొంతంగా బల్బు సాకెట్ తయారీ మొదలుపెట్టారు. అది అమ్ముడుపోలేదు. భార్య ముమెనో తన బట్టలు తాకట్టు పెట్టి ఇల్లు నడిపారు. 1918లో భార్య, బావమరిది తోషియో ఇయుయేతో కలిసి చిన్న కంపెనీ పెట్టారు. కొత్త రకం ప్లగ్గులు, సాకెట్లతో అది కాస్త నిలదొక్కుకుంది.

గాలి వీస్తే చీకటే!

రాత్రిపూట సైకిల్ తొక్కాలంటే అప్పట్లో చాలామందికి కొవ్వొత్తి దీపమే దిక్కు. గాలి వీస్తే ఆరిపోయేది. దిగి వెలిగించడం, మళ్లీ ఆరిపోవడం.. ఈ అవస్థ మత్సుషిత స్వయంగా పడ్డారు. బ్యాటరీ లైట్లూ ఉండేవి కానీ రెండు మూడు గంటలకే చచ్చిపోయేవి. పైగా తరచూ పాడయ్యేవి.

దీనికి పరిష్కారం వెతుకుతూ ఆరు నెలల్లో దాదాపు వంద నమూనాలు చేశారు. అప్పుడే మార్కెట్లోకి వచ్చిన, తక్కువ కరెంటు తాగే బుల్లి బల్బు కలిసొచ్చింది. దానికి తగ్గట్టు బ్యాటరీని ప్రత్యేకంగా చేయించి, తూటా ఆకారంలో ఉండే చెక్క డబ్బాలో బిగించారు. ఫలితం.. 30 గంటలకు పైగా వెలుగు! 1923లో ఆ ల్యాంప్ అమ్మకానికి సిద్ధమైంది.

కానీ హోల్‌సేల్ వ్యాపారులు మొహం తిప్పేసుకున్నారు. బ్యాటరీ లైట్లంటేనే అప్పటికి చెడ్డ పేరు. పైగా ఇందులోది మామూలు బ్యాటరీ కాదు. దారిలో అయిపోతే వేరే షాపులో దొరకదు. గంటల లెక్క ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. మరోవైపు తయారైన ల్యాంపులు గుట్టలుగా పేరుకుపోతున్నాయి.

అసలు పరీక్ష షాపులోనే

దాంతో మత్సుషిత నేరుగా సైకిల్ షాపులకే వెళ్లాలని డిసైడ్ అయ్యారు. మనుషుల్ని పెట్టి ఒక్కో షాపులో రెండు మూడు ల్యాంపులు ఇప్పించారు. అందులో ఒకటి అక్కడే వెలిగించి వచ్చేయాలి. డబ్బులు అడగకూడదు. చెప్పినన్ని గంటలు వెలిగిందో లేదో ఓనరే చూసుకుంటాడు. నచ్చితేనే డబ్బులు, లేదంటే లేదు. ఫెయిలైతే పెట్టుబడి మొత్తం పోయినట్టే.

ల్యాంపులు ఆరలేదు. పొద్దున చూసినా వెలుగుతూనే ఉన్నాయి. 30 గంటలు దాటాక షాపుల వాళ్లు డబ్బులు ఇవ్వడమే కాదు, కొత్త ఆర్డర్లూ పెట్టారు. షాపుల నుంచి డిమాండ్ పెరగడంతో.. మొదట వద్దన్న హోల్‌సేలర్లే సరుకు కోసం వెతుక్కుంటూ వచ్చారు.

నేషనల్ పేరు పుట్టింది ఇలా..

1927లో చతురస్రాకారపు కొత్త ల్యాంప్ తెచ్చారు. సైకిల్ నుంచి తీసి చేత్తోనూ పట్టుకుపోవచ్చు. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు తెచ్చే టేప్ రికార్డర్ల మీద మనవాళ్లు చూసిన 'నేషనల్' పేరు తొలిసారి అచ్చయింది ఈ ల్యాంప్ మీదే! ఈసారి ఏకంగా 10 వేల ల్యాంపులు ఫ్రీగా పంచాలనుకున్నారు. వాటికి బ్యాటరీలు ఉచితంగా ఇమ్మని తయారీదారు ఒకాడాను అడిగారు. ఏడాది చివరికల్లా 2 లక్షల బ్యాటరీలు అమ్మిపెట్టాలన్న షరతు మీద ఆయన ఒప్పుకున్నారు. అమ్ముడుపోయినవి 4 లక్షల 70 వేలు! ఒకాడా స్వయంగా వచ్చి మత్సుషితకు కృతజ్ఞతలు చెప్పి వెళ్లారు.

బావమరిది ఇయుయే తర్వాత బయటకొచ్చి 1947లో సాన్యో పెట్టారు. ఆయన తొలి ప్రోడక్ట్ కూడా సైకిల్ డైనమో లైటే కావడం విశేషం. మత్సుషిత గ్రూపు 1950ల్లో సైకిళ్లు, సైకిల్ టైర్ల తయారీలోకీ అడుగుపెట్టింది. సైక్లిస్టులకు తెలిసిన పానారేసర్ టైర్ల మూలం అదే.

మత్సుషిత 1989 ఏప్రిల్ 27న, 94 ఏళ్ల వయసులో కన్నుమూశారు. అప్పటికి ఆయన కంపెనీ టీవీల నుంచి వాషింగ్ మెషిన్ల దాకా ప్రపంచమంతా అమ్ముతోంది. సైకిల్ లైట్ కొనేవాళ్లకు మాత్రం ఆయన పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. కొత్త లైట్‌ను ఫుల్ ఛార్జ్ చేసి, ఓ రాత్రి ఇంట్లోనే ఆరిపోయేదాకా వెలిగించి చూస్తే చాలు.. అసలు లెక్క తేలిపోతుంది.