బ్రౌను దొరయు వేమన పద్యమును

నాలుగు పాదముల పద్యమొకటి పెద్ద కావ్యముతో సరితూగునా యని పండితులు తేలికగా చూచిన కాలము కలదు. ఆ పద్యము కొరకు ప్రతులు వెదకి, సొంత ధనము వెచ్చించిన పరదేశీయుడు చార్లెసు ఫిలిప్పు బ్రౌను.

ఆయన 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో నొక క్రైస్తవ మతబోధకుని యింట జన్మించెను. 1817లో చెన్నపట్టణము చేరి, సెంటు జార్జి కోట కళాశాలలో తెలుగు నేర్చి, 1820లో కంపెనీ యుద్యోగిగా కడపకు బోయెను. కచేరీ నడుపుటకు ఆ తెలుగు చాలును. ప్రజల మనస్సెరుగుటకు చాలదు. 1824లో ఫ్రెంచి పాదిరి ద్యుబువా గ్రంథమున వేమన పేరు చూచినది మొదలు ఆయన తాటాకు ప్రతులు సేకరింపసాగెను.

పండితు లాదరింపకున్నను ఆ పద్యములు పల్లెవారి నోట నిలిచియుండెను. అందులకు కారణము వాని కురుచదనమే. మూడు పాదములలో మాట ముగియును; నాల్గవది తరచుగ మకుటము. చదువురానివాడును ఒకటి రెండుమార్లు విని కంఠస్థము చేయగలడు. తగవు తీర్చునపుడు, బిడ్డను మందలించునపుడు వాడుకొనగలడు. అయితే ఆ గుణమే చిక్కును గూడ తెచ్చెను. నోట నిలిచినది నోటనే మారును. ఎవరు కట్టిన పద్యమైనను మకుటము తగిలించినచో వేమనదే యగును. బ్రౌను ప్రతులను సరిపోల్చి 1829లో 693 పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చొత్తించెను. 1839లో 1,164 పద్యములను ప్రకటించెను. ఈ లెక్కలు బ్రౌనువి. వేమనవి యనుటకు వీలులేదు.

కడపలో పండితులను పోషించి ప్రాచీన కావ్యములను పరిష్కరింపజేసినదియు ఆయనయే. 1852లో ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువడెను. 1855లో స్వదేశమునకు మరలి, పిమ్మట లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడై, 1884 డిశంబరు 12వ తేదీన కాలధర్మము నొందెను.

కురుచ మాట సగము అర్థమునే తెచ్చునని మేము తలంచుచున్నాము. తక్కిన సగము వాడువాని సందర్భములో నున్నది. ఒకే పద్యము ఎదుటివాని నోరు మూయించుటకును, తన్ను తాను దిద్దుకొనుటకును పనికివచ్చును. దినమెల్ల దీర్ఘమైన దస్తావేజులతో గడపు ఉద్యోగులును న్యాయవాదులును ఇంట బిడ్డలచే వేమనను వల్లె వేయించుచున్నారు. మంచిదే. కాని పద్యము నేర్పిన చాలదు. దానిని మొదట ఎవరిపై ప్రయోగింపవలెనో గూడ నేర్పవలయును. అట్లు నేర్పనిచో బ్రౌను కాపాడిన పద్యము అచ్చులో మిగులును గాని, మన బ్రతుకులో మిగులదు.