హకీము మొహమ్మదు మొయిజుద్దీన్ ఫారూఖీగారు

మన పాతబస్తీలో జిందా తిలిస్మాత్ సీసా లేని యిల్లు మిక్కిలి యరుదు. పిల్లవానికి జలుబు చేసినను, తండ్రి తలనొప్పితో పనినుండి వచ్చినను, తల్లి చేయి మొదట ఆ చిన్న సీసామీదికే పోవును. అందరికిని ఆ మందు తెలియును. దానిని చేసినవారి చరిత్రము తెలిసినవారు కొలదిమంది. ఒకనాడు ఆటస్థలమున ఒక బాలుడు ఆ సీసామీది నల్లని మనుష్యుని పేరుచెప్పి తోడి బాలుని మేనిరంగును ఎగతాళి చేయగా వింటిని. ఆ బాలుడు కన్నీరు పెట్టుకొనెను. అందుచేతనే యీ చరిత్రమును వ్రాయ బూనితిని.

మొయిజుద్దీన్ ఫారూఖీగారు యునానీ వైద్యులు. యునానీ యనగా యవనదేశమునకు, అనగా గ్రీసుదేశమునకు, సంబంధించినదని యర్థము. హిపోక్రటీసు, గేలెను అను గ్రీకు వైద్యుల శాస్త్రమును అరబ్బులు తమ భాషలోనికి తెచ్చుకొని పెంపొందించిరి. ఇబ్నుసీనా అను పండితుడు దానిపై మహాగ్రంథమును రచించెను. పిదప సుల్తానుల కాలమున ఆ విద్య మన దేశమున వేరూనెను. సువార్తికుడగు లూకా వైద్యుడని మనమెరుగుదుము. ఆయన కాలపు గ్రీకు వైద్యమే యీ విద్యకు మూలము. చార్మినారు చెంతనున్న నిజామియా యునానీ ఆసుపత్రి మన కన్నులయెదుటనే యున్నది.

ఆ కాలమున మన నగరము అనేక కష్టముల పాలయ్యెను. 1908లో మూసీనది పొంగి వేలమందిని పొట్టబెట్టుకొనెను. 1911లో ప్లేగు వచ్చెను. 1918లో లోకమంతటను వ్యాపించిన ఇన్‌ఫ్లుయెంజా మన దేశమున లక్షలాది ప్రాణములను హరించెను. ఇట్టి దినములు గడచిన పిదప, 1920లో, ఫారూఖీగారు తమ యింటనే యీ మందును చేయ నారంభించిరి. జిందా యనగా జీవముగలది; తిలిస్మాత్ అనగా మాయ. కాలక్రమమున అంబరుపేటలో దీని కార్ఖానా వెలసెను. ఫారూఖీ పండ్లపొడియు వారు ప్రారంభించినదే.

పేరు మాయయే గాని, మందులో మాయ యేమియు లేదు. అందులో నీలగిరి తైలము, కర్పూరము, పిప్పరమెంటు పువ్వు, వాము పువ్వు, రతన్‌జోతు వేరు కలవు. కర్పూరమును ఆ రెండు పువ్వులతో కలిపి నూరినచో, నీటిచుక్క చేర్చకయే మూడును కరగి ద్రవమగును. రతన్‌జోతు వేరు రంగు నీటియందు దిగదు, నూనెయందు దిగును. సీసాలోని యెరుపునకు కారణమదియే. రసాయనశాస్త్రము చదువు విద్యార్థులు దీనిని గమనింపవలెను. అయినను, ఏ యింటిమందును సర్వరోగములకును చాలదు. జ్వరము విడువనప్పుడును, ఊపిరి యాడనప్పుడును జాగుచేయక వైద్యునియొద్దకు పోవలెను.

ఫారూఖీగారు ప్రచారమునందును నేర్పరులు. గోడలమీద పేరు వ్రాయించిరి; గాలిపటములమీద సయితము అచ్చువేయించిరి. చదువురాని వానికిని తన మందు గుర్తుండవలెనని సీసాపై ఒక బొమ్మను ఉంచిరి. అది నిజాము కొలువున నుండిన ఆఫ్రికా వంశీయుడగు సిద్దీ సైనికుని రూపము. ఆఫ్రికా అశ్వదళ మొకటి ఆనాడు నిజామును కాచుచుండెను. వారు నివసించిన పేటయే నేటి ఏ.సీ. గార్డ్సు. వారి సంతతివారు ఇప్పటికిని అచ్చట మన యిరుగుపొరుగుగా నున్నారు. వారి దేహబలమును, ధైర్యమును మెచ్చి, ఆరోగ్యమునకు గురుతుగా హకీముగారు ఆ రూపమును ఎన్నుకొనిరి.

దీని విలువ తెలియుటకు మరియొక సంగతి చెప్పెదను. పందొమ్మిదవ శతాబ్దాంతమున ఇంగ్లండులో పేర్సు సబ్బు ప్రకటనలయందు, నల్లని బాలుని ఆ సబ్బుతో తోమగా తెల్లబడినట్లు చిత్రించిరి. నలుపును మురికిగా ఎంచిన చిత్రమది. క్రైస్తవదేశమని పేరుపొందినచోట అట్టిది జరిగినందుకు మనము సిగ్గుపడవలెను. కొన్ని దశాబ్దములకే మన నగరములోని యొక మహమ్మదీయ వైద్యుడు నల్లని ముఖమును బలమునకును స్వస్థతకును గురుతుగా ప్రతి యింటికిని పంపెను.

హకీముగారు గతించి చిరకాలమైనది. 2020లో ఆ మందునకు నూరేండ్లు నిండెను. వారి వంశీయులే నేటికిని కార్ఖానాను నడుపుచున్నారు. త్రోవలో గాయపడి పడియున్న వానికి నూనెయు ద్రాక్షారసమును పోసి కట్టుకట్టిన సమరయుని కథ మన పాఠశాలలో అందరికిని కంఠస్థమే. పొరుగువాడెవడని యడుగువానికి ఆ కథయే ఉత్తరము. ఈ మందును హిందువులు, ముసల్మానులు, క్రైస్తవులు ఒక్కతీరుననే వాడుచున్నారు. విద్యార్థులారా, ఇకమీదట ఆ సీసాను చేతబట్టినపుడు దానిమీది మనుష్యుని ముఖమును గౌరవముతో చూడుడు. ప్రక్కబల్లమీద కూర్చున్న తోడి బాలుని ముఖమునుగూడ అట్లే చూడుడు.