ఆలస్యంగా ఎక్కిన నీలం

పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లను అడగకూడని ప్రశ్న ఒకటుంది. ఎప్పుడైపోతది? మా ఖానాపూర్‌లో బస్సు దిగి ఇల్లు చేరేలోపు కనీసం ముగ్గురు ఆ ప్రశ్న అడుగుతారు. మా మేనమామకైతే లెక్క చాలా సులువు. బీటెక్ నాలుగేండ్లు, ఎంటెక్ రెండేండ్లు, మరి ఇదేంది ఐదో ఏడు నడుస్తున్నా ఒడవదు? ఆయనకు ఏదో ఒకటి చెప్పి, చాయ్ తాగి తప్పించుకోవచ్చు. రాత్రి మూడో చాప్టర్ తెరిచి కూర్చున్నప్పుడు అదే ప్రశ్న లోపలినుంచి వస్తేనే కష్టం. ఇది అసలు థీసిసేనా? ఇందులో కొత్తేముంది? నాకు ఇంత తెలివి లేదన్న సంగతి వైవా రోజు అందరికీ తెలిసిపోతదేమో?

నా పని సదర్మాట్ కాలువ కింది పొలాల మీద. రైతులు చల్లిన డీఏపీలో ఫాస్ఫేట్ ఎంత నీళ్లతోపాటు కొట్టుకుపోతున్నదో కొలవాలి. సీసాల్లో నీళ్లు పట్టి తేవడం, మాలిబ్డేట్ కలపడం, ఎక్కిన నీలం రంగును యంత్రంలో చదవడం. ఇన్నేండ్లుగా ఆ నీలాన్నే చూస్తున్నాను. ఈ పద్ధతి ఎక్కడినుంచి వచ్చిందో ఒక పేరా రాద్దామని పాత పేపర్లు తిరగేస్తుంటే 1925 నాటిది ఒకటి కనబడింది. రాసినవాళ్లు ఇద్దరు. ఫిస్కే, సుబ్బారో. ఆ రెండో ఆయన మన యల్లాప్రగడ సుబ్బారావే.

సుబ్బారావు పేరు వినని తెలుగువాళ్లు తక్కువ. కాకపోతే క్విజ్ జవాబులాగా తెలుసు: ఫోలిక్ యాసిడ్, బోదకాలు మందు, ఆరియోమైసిన్. నాకు మాత్రం అవేవీ ఇంకా చేయని సుబ్బారావు కావాలనిపించింది. డాక్టరేట్ చేతికి రాకముందు మనిషి. ఆయనకు హార్వర్డ్ పీహెచ్‌డీ వచ్చింది 1930లో. అప్పటికి ముప్పై అయిదేండ్లు. మా మామ లెక్కలో అది మరీ ఆలస్యం.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. ఏడుగురు పిల్లల్లో నాలుగోవాడు. పదమూడేండ్ల వయసులో, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి బాగా సంపాదించాలని ఇల్లు వదిలి పారిపోయాడు. నిడదవోలు దగ్గరే పట్టుకుని వెనక్కి తెచ్చారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పాడు. తల్లి వెంకమ్మ నగలు అమ్మి మరీ చదివించింది. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్లో గట్టెక్కాడు. తర్వాత రామకృష్ణ మఠంలో సన్యాసం తీసుకుందామనుకున్నాడు, తల్లి ఒప్పుకోలేదు. డాక్టరైతే సేవ చేయవచ్చు కదా అనే దారిలో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు.

అక్కడ ఇంకో దెబ్బ. గాంధీ పిలుపు విని ఆపరేషన్ గదిలో ఖద్దరు కోటు వేసుకున్నాడు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. రాతపరీక్షలు బాగానే రాసినా చివరికి ఎంబీబీఎస్ ఇవ్వలేదు, ఒక మెట్టు కింది ఎల్ఎంఎస్ పట్టా చేతిలో పెట్టారు. మద్రాసు ప్రభుత్వ వైద్య శాఖలో ఉద్యోగం దొరకలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడిపే ఆయుర్వేద కళాశాలలో అనాటమీ పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయాడు. ఇంతలో ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతూ మనిషి కరిగిపోతాడు. ఆయనకూ అదే పట్టుకుని, లక్ష్మీపతి వైద్యంతో బతికాడు. డాక్టర్ చదివి కూడా ఇంట్లోవాళ్లను కాపాడుకోలేకపోయిన మనిషికి తన చదువు మీద ఎంత నమ్మకం మిగులుతుందో మీరే ఊహించుకోండి.

మామగారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇస్తామన్న డబ్బు భరోసాతో 1922 అక్టోబర్‌లో బోస్టన్ చేరాడు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదువు. పట్టా ఎల్ఎంఎస్ కాబట్టి అక్కడ డాక్టరుగా పనిచేసే వీలు లేదు. ఖర్చులకు రాత్రిపూట ఆస్పత్రిలో పోర్టర్ పని పట్టుకున్నాడు. రోగుల బెడ్‌పాన్లు తీసి కడగడం అందులో భాగం. పగలు చదువు, రాత్రి అది. స్టైపెండ్ రెండు నెలలు లేటైతే మనం వాట్సాప్ గ్రూపులో ఎంత గోల చేస్తామో గుర్తొచ్చి కొంచెం నవ్వొచ్చింది. (గోల చేయడం తప్పని నేననను. స్టైపెండ్ టైముకు రావాలి.)

ఆ తర్వాత హార్వర్డ్ మెడికల్ స్కూల్లో, ఓటో ఫోలిన్ అధిపతిగా ఉన్న బయోకెమిస్ట్రీ విభాగంలో, సైరస్ ఫిస్కే దగ్గర చేరాడు. ఫిస్కే దగ్గర దొరికిన పని, రక్తంలో మూత్రంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని మెరుగుపరచడం.

ఇక్కడ కాస్త ఆగాలి. ఫాస్ఫరస్ కొలిచే పద్ధతులు అప్పటికే ఉన్నాయి. 1920లో బెల్, డాయిసీ ఒకటి ఇచ్చారు. 1922లో బ్రిగ్స్ దాన్ని సవరించాడు. అంటే ఇద్దరు ముగ్గురు నడిచిన బాటలోనే, ఇంకాస్త మేలుగా నడవమనడం. మన దగ్గర రివ్యూ మీటింగులో ఈ టాపిక్ పెడితే మొదటి ప్రశ్న ఏం వస్తుందో మనందరికీ తెలుసు: ఇందులో నావెల్టీ ఏది?

చేసే పని చెప్పుకోవడానికి చిన్నది. ఫాస్ఫేట్ ఉన్న ద్రావణంలో ఆమ్లం, అమ్మోనియం మాలిబ్డేట్ కలిపితే రెండూ జతకడతాయి. దాన్ని క్షయకరణం చేసే రసాయనం వేస్తే నీలం రంగు పుడుతుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. పాత పద్ధతుల్లో రంగు నిలకడగా ఉండేది కాదు, లేదా ఎక్కడానికి చాలాసేపు పట్టేది, పక్కన వేరే లవణాలుంటే లెక్క తప్పేది. ఫిస్కే, సుబ్బారావు కలిసి అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లాన్ని వాడి, కొద్ది నిమిషాల్లో నమ్మదగ్గ రంగు వచ్చేలా చేశారు. 1925లో అచ్చయిన ఆ పేపర్‌ను ఆ తర్వాత వేలమంది వాడుకున్నారు. బయోకెమిస్ట్రీ ల్యాబు మాన్యువళ్లలో ఇప్పటికీ ఆ ఇద్దరి పేరుతోనే ఉంది. నేను నీళ్లకు వాడేది దాని తర్వాత వచ్చిన పద్ధతి, క్షయకరణానికి ఆస్కార్బిక్ ఆమ్లం వేస్తాం. నీలం మాత్రం అదే కుటుంబపు నీలం.

అసలు కథ ఆ తర్వాత. పద్ధతి చేతిలో ఉంది కదా అని దాన్ని కండరం మీద పెట్టారు. కండరం నుంచి తీసిన వడపోత ద్రవంలో అన్నీ కలిపి చూస్తే రంగు సరిగా ఎక్కలేదు. మామూలు ఫాస్ఫేట్ ద్రావణంలో నిమిషాల్లో పూర్తయ్యే రంగు ఇందులో మెల్లగా, చాలాసేపటిదాకా ముదురుతూనే ఉంది.

ఆ స్థానంలో నన్ను నేను నిలబెట్టుకుని చూశాను. రీడింగ్ కదులుతూనే ఉంటే నాకొచ్చే మొదటి ఆలోచన, నా చేతిలోనే ఏదో తేడా ఉందని. రెండోది, టెస్ట్‌ట్యూబు సరిగా కడగలేదని. మూడోది, సార్‌కు చూపించకుండా ఆ వరుస కొట్టేసి మళ్లీ మొదలుపెడదామని. వాళ్లిద్దరికీ ఈ ఆలోచనలు రావడానికి ఇంకా పెద్ద కారణమే ఉంది, పద్ధతి వాళ్లు సొంతంగా తయారుచేసింది. తప్పు కనబడితే పోయేది వాళ్ల పేపరే. అయినా ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. పద్ధతి సరైనదైతే రంగు ఎందుకు ఆగి ఆగి వస్తోంది? కండరంలో ఫాస్ఫేట్ ఇంకో పదార్థానికి అంటుకుని ఉండి, మనం పోసిన ఆమ్లంలో మెల్లగా విడిపోతోందా?

అదే నిజమైంది. అంటుకుని ఉన్న ఆ రెండో పదార్థం క్రియాటిన్. ఆ జంటే ఫాస్ఫోక్రియాటిన్. కండరాన్ని పని చేయిస్తే అది తరుగుతుంది, విశ్రాంతి ఇస్తే మళ్లీ పెరుగుతుంది. జిమ్‌కు పోయే మన హాస్టల్ మిత్రులు డబ్బాల్లో కొనుక్కునే క్రియాటిన్ వెనుక ఉన్న సైన్సు ఇదే. 1927లో సైన్స్ పత్రికలో చిన్న నోట్‌గా వచ్చింది.

అది ఎవరికి ఎదురుపోయిందో కూడా చూడాలి. కండరం కదలడానికి మూలం లాక్టిక్ ఆమ్లమని హిల్, మేయర్‌హాఫ్ చెప్పిన సిద్ధాంతం అప్పుడు చెలామణిలో ఉంది. కండరాల మీద చేసిన పనికి ఆ ఇద్దరికీ 1922 నోబెల్ వచ్చింది కూడా. అలాంటప్పుడు, రాత్రి పోర్టర్ పని చేసి వచ్చిన మనిషి పనిచేసే బల్ల మీద ఆ కథలో ఇమడని ఒక పదార్థం తేలింది. 1930లో డెన్మార్క్‌కు చెందిన లుండ్స్‌గార్డ్, లాక్టిక్ ఆమ్లం పుట్టకుండా ఆపినా కండరం ముడుచుకుంటుందని, అప్పుడు ఖర్చయ్యేది ఫాస్ఫోక్రియాటినే అని చూపించాక పాత సిద్ధాంతం కూలిపోయింది.

నాకు ఈ భాగంలో పనికొచ్చింది ఒకటుంది. మనం థీసిస్ రాస్తూ పడే అనుమానం చాలావరకు మన మీదే తిరుగుతూ ఉంటుంది: నేను సరిపోతానా, నాకు వచ్చా. దానికి కొలత లేదు, ఎన్ని రాత్రులు కూర్చున్నా రీడింగ్ రాదు. అదే అనుమానాన్ని టెస్ట్‌ట్యూబు మీదికి మళ్లిస్తే, ఈ రంగు ఎందుకు ఇట్ల వచ్చింది అని అడిగితే, మర్నాడు పొద్దున చేయడానికి ఒక ప్రయోగమన్నా మిగులుతుంది. జూలైలో పట్టిన నా నమూనాల్లో రెండు బిందువులు గ్రాఫులో ఒంటరిగా ఎక్కడో పైన ఉన్నాయి. మూడో చాప్టర్‌లో ఇప్పుడు వాటికోసం రెండు పేజీలున్నాయి.

అంటే సుబ్బారావుకు అన్నీ కలిసొచ్చాయని కాదు. ఫాస్ఫోక్రియాటిన్‌ను అదే 1927లో ఇంగ్లండులో ఎగల్టన్ దంపతులు కూడా పట్టుకున్నారు. 1929లో ఫిస్కే, సుబ్బారావు ఏటీపీని వేరుచేసి ప్రకటించారు. అదే ఏడు, మేయర్‌హాఫ్ దగ్గర పనిచేసే కార్ల్ లోమన్ కూడా ప్రకటించాడు. ఇప్పటికీ చాలా పుస్తకాల్లో లోమన్ పేరే కనబడుతుంది. మన టాపిక్ మీద వేరేవాళ్ల పేపర్ వచ్చిందని తెలిసిన పొద్దు ఎట్లుంటదో అనుభవించినవాళ్లకే తెలుసు. ఆయనకది రెండేండ్లలో రెండుసార్లు జరిగింది. ఆ మరుసటేడు పీహెచ్‌డీ వచ్చింది. ఒకసారి తేదీలు పక్కపక్కన పెట్టుకోండి. జీవకణాల్లో శక్తి ఎట్ల చేతులు మారుతుందో చెప్పే ఏటీపీ పేపర్ ముందు, డాక్టర్ అన్న పిలుపు వెనుక.

పట్టా వచ్చాక కూడా హార్వర్డ్ ఆయనకు స్థిరమైన చోటు ఇవ్వలేదు. ఇంకో పదేండ్లు అక్కడే కింది స్థాయిలో పనిచేశాడు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లను ఫిస్కే అసూయతో బయటికి రానివ్వలేదని, వాటిని తర్వాత ఇతరులు మళ్లీ కనుక్కోవాల్సి వచ్చిందని, అదే విభాగంలో పీహెచ్‌డీ చేసి 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ చెప్పాడు. ఫిస్కే వైపు మాట మనకు వినబడదు కాబట్టి నేను తీర్పు చెప్పను. గైడు, విద్యార్థి కలిసి కనిపెట్టినదాంట్లో ఎవరి వాటా ఎంత అన్నది వందేండ్ల కింద కూడా తేలని లెక్కే.

1940లో హార్వర్డ్ వదిలి న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లో లెడర్లీ ప్రయోగశాలకు పోయాడు. అక్కడ పరిశోధనకు అధిపతి. మిగిలింది మీకు తెలిసిందే. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. తోబుట్టువులను తీసుకుపోయిన స్ప్రూకు ఆ విటమినే మందుగా పనికొచ్చింది. 1947లో బోదకాలుకు హెట్రజాన్. పిల్లల ల్యూకీమియాకు సిడ్నీ ఫార్బర్ వాడిన అమైనాప్టెరిన్ ఆ బృందానిదే. 1948లో డగ్గర్ ప్రకటించిన ఆరియోమైసిన్ కూడా ఆయన హయాంలోనిదే. ఆ ఆగస్టులోనే, యాభై మూడేండ్లకు, నిద్రలో గుండె ఆగి పోయాడు.

ఇవన్నీ చదివి ఉత్సాహం తెచ్చుకున్నాక కూడా నాకు మింగుడుపడని సంగతి ఒకటుంది. 1919లో పెళ్లాడిన భార్య శేషగిరమ్మను ఇక్కడే వదిలి పోయాడు. చదువయ్యాక వచ్చేస్తాననే పోయాడు. ఇరవై ఆరేండ్లలో ఒక్కసారి కూడా రాలేదు. పని ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ సాగింది. ఆయన జీవితచరిత్రల్లో ఇది ఒకటి రెండు వాక్యాల్లో అయిపోతుంది. మన ఇండ్లల్లో ఐదో ఏడు నడుస్తోందని అడిగేవాళ్లకు విసుక్కుంటాం గానీ, ఎదురుచూసేవాళ్ల లెక్క వేరే ఉంటుంది.

హెట్రజాన్ అంటే ఇప్పుడు మనం డీఈసీ గోలీ అనేదే. బోదకాలు ఎక్కువున్న కరీంనగర్ జిల్లాలో ఆ గోలీలు ఇంటింటికీ పంచి, ఎదురుగా మింగించేవాళ్లు. గోదావరి అవతల జగిత్యాల దగ్గరి ఊళ్లో మా అమ్మమ్మ ఉంటుంది. ఈ వేసవిలో పోయినప్పుడు, ఆ గోలీ కనిపెట్టినాయన మన తెలుగాయనేనని ఆమెకు ఈ కథ మొత్తం చెప్పాను. బోస్టన్ గురించి, నీలం రంగు గురించి, నోబెల్ వచ్చినవాళ్ల గురించి ఉత్సాహంగా చెప్తుంటే బీడీలు చుట్టుకుంటూ విన్నది. అంతా అయ్యాక శేషగిరమ్మ గురించి ఒక్కటే అడిగింది. ఆమె చేతి ఖర్చులకు డబ్బులెవరు పంపేవాళ్లు, బిడ్డా అని.