గారిబాల్డి కొన్న రాతినేల

అచ్చంపేట ప్రాంతపు రైతులకు రాతినేల యన నెట్టిదో ఒకరు చెప్పనక్కరలేదు. చెలకలో నాగలి పెట్టుటకు ముందు రాళ్లు ఏరవలెను. ఏరిన రాళ్లతో గట్టు కట్టవలెను. ఆ గట్టు దాటి పొరుగువాని పశువు రాకుండ కావలి యుండవలెను. మధ్యధరా సముద్రములోని ఒక ద్వీపమున ఇట్టి నేలనే వెలయిచ్చి కొని, తన చేతులతో సాగుచేసిన మహాపురుషుడు ఒకడు కలడు. ఆయన ఇటలీ విమోచకుడైన జోసఫ్ గారిబాల్డి. ఆయన ఖడ్గమును గూర్చి విననివారు అరుదు. ఆయన గడ్డపారను గూర్చి విన్నవారును అరుదే.

గారిబాల్డి 1807 జూలై 4వ తేదీన నీస్ పట్టణమున నావికుల యింట జన్మించెను. మేజినీ స్థాపించిన యువ ఇటలీ సంఘమున చేరి, 1834లో జినోవాయందు తలపెట్టిన తిరుగుబాటు విఫలము కాగా దేశము విడిచి పోయెను. ప్రభుత్వము ఆయన పరోక్షముననే మరణశిక్ష విధించెను. పిదప పండ్రెండేండ్లు దక్షిణ అమెరికాలో బ్రెజిల్, ఉరుగ్వే దేశముల యుద్ధములలో గడచినవి. అనీటాను ఆయన చేపట్టినది అచ్చటనే. ఎఱ్ఱచొక్కాల దళము పుట్టినదియు అచ్చటనే. 1848లో స్వదేశమునకు మరలివచ్చి, మరుసటి యేట రోము ప్రజారాజ్యమును ఫ్రెంచి సేనలనుండి కాపాడుటకై పోరాడెను. నగరము శత్రువుల వశము కాగా కొండలవెంట తప్పించుకొని పోవుచుండ, గర్భవతియైన అనీటా జ్వరపీడితయై 1849 ఆగస్టు 4న మరణించెను. వెంటాడుచున్న సైనికులవలన, భార్య అంత్యక్రియలకు నిలుచుటకైనను ఆయనకు వ్యవధి లేకపోయెను.

ఆపైన స్వదేశ ప్రభుత్వమే ఆయనను నిలువనీయలేదు. సార్డీనియాకు ఉత్తరమున ఉన్న లా మద్దలేనా ద్వీపమున కొన్ని వారములుంచి, అచ్చటినుండి విదేశమునకు పంపివేసెను. కొంతకాలము టాంజియరులో తలదాచుకొని, 1850లో న్యూయార్కు చేరి, స్టేటెన్ ద్వీపమున మెయూచీ యను స్వదేశీయుని క్రొవ్వొత్తుల కార్ఖానాలో పనిచేసెను. తరువాత ఓడ నడుపుచు పెరూనుండి చీనావరకు పోయెను. రోమును రక్షించిన సేనాని ఐదేండ్లపాటు తనదను జానెడు నేల లేక తిరిగెను. 1854లో మరలివచ్చునాటికి కన్నతల్లియు గతించియుండెను.

1855లో ఆయన తమ్ముడు ఫెలీచె మరణించి, కొంత సొత్తు అన్నకు విడిచెను. ఆ సొమ్ముతో గారిబాల్డి ఆ యేటి చివరనే, తాను లా మద్దలేనాలో నిర్బంధముననుండగా ఎదుట కనబడిన కప్రేరా ద్వీపమున సగభాగము కొనెను. ద్వీపమంతయు కలిపి నాలుగువేల ఎకరములకు లోపు. బండలు, ముండ్లపొదలు, వీచుగాలి తప్ప చెప్పుకొనదగిన దేమియు లేదు. ఆ పేరు మేకలనుబట్టి వచ్చినదే. తొలుత డేరాలో నివసించుచు, కుమారుడు మెనోట్టియు మిత్రులును తోడురాగా, దక్షిణ అమెరికాలో తాను చూచిన పద్ధతిని మిద్దెకప్పుతో తెల్లని యిల్లు కట్టుకొనెను. రాళ్లు తొలగించి గోడలు పెట్టి, ద్రాక్ష, అత్తి, ఓలివు నాటెను. ఆవులను, మేకలను, కోళ్లను పెంచెను. తన గాడిదలకు పోపు, ఫ్రెంచి చక్రవర్తి, ఆస్ట్రియా చక్రవర్తి పేర్లు పెట్టి పిలిచెను. మిగిలిన సగము ఇంగ్లీషు దంపతులది. పశువులు హద్దు దాటుటచే వారితో తగవులును వచ్చుచుండెను. ఇరుదేశముల వీరుడైనను హద్దు తగవు తప్పలేదు!

1860లో ఆయన జీవితమునకు పరీక్ష వచ్చెను. ఆ వసంతముననే రాజు నీస్ పట్టణమును ఫ్రాన్సునకు ధారపోసెను. గారిబాల్డి పుట్టిన ఊరు పరదేశమాయెను. ఆ దుఃఖమును దిగమ్రింగి, మే నెలలో వేయిమంది స్వచ్ఛంద సైనికులతో జినోవాచెంత ఓడలెక్కి, 11వ తేదీన సిసిలీయందలి మర్సాలాలో దిగెను. నాలుగు నెలలలోపల, సెప్టెంబరు 7న, నేపుల్సు నగరము ప్రవేశించెను. సుమారు 90 లక్షల ప్రజలుగల రాజ్యము ఆయన చేతికి వచ్చెను. దానిని రెండవ విక్టర్ ఇమ్మాన్యుయేలునకు ఒప్పగించెను. రాజు ఉన్నత సేనాపదవి, కోట, పొగయోడ, కుమార్తెకు కట్నము ఈయజూపెను. గారిబాల్డి ఒక్కటియు గైకొనక, నవంబరు 9న ఒక విత్తనముల సంచితో, కొంచెము కాఫీ, చక్కెర, ఎండుచేపలతో కప్రేరాకు మరలిపోయెను.

ఆ విత్తనముల సంచి చదువరులు ప్రత్యేకించి గమనింపదగినది. ఇల్లును పొలమును లేనివాడు రాజు ఇచ్చు కోటను కాదనుట దుర్ఘటము. కాదన్నను రేపటి పూట ఎక్కడ గడచును? ఐదేండ్లు ముందు కొన్న రాతినేలయే ఆయనకు ఆ ధైర్యమిచ్చెను. పాలకుల సనదుపై వచ్చిన భూమి పుచ్చుకొన్నవాని నోటిని ఎట్లు కట్టునో, 1949లో జాగీరులు రద్దగువరకు వానిని చూచిన తెలంగాణమునకు వేరుగ చెప్పవలదు.

అయినను కప్రేరా ఆయనకు నిత్యసుఖధామమని తలపరాదు. 1862లో రోమునకై బయలుదేరి, ఆస్ప్రోమాంటెవద్ద ఇటలీ సేన తుపాకులచేతనే పాదమున గాయపడి, ఆ ద్వీపమునకే చేరెను. 1867లో ప్రభుత్వము యుద్ధనౌకలతో ద్వీపమును చుట్టుముట్టి ఆయనను బంధింపగా, చిన్న పడవలో రహస్యముగ తప్పించుకొని మరల రోముపైకి నడచి, మెంటానాలో ఓడిపోయెను. బండలనేల ఆదాయము కుటుంబ వ్యయమునకు చాలలేదు. వయసు పైబడి, కీళ్లవాతముచే కదలలేని దశలో, తొలుత నిరాకరించిన జాతీయ భరణమును 1876లో స్వీకరించెను. దీనిని దాచవలసిన పనిలేదు. సేద్యము మనుజునకు స్వాతంత్ర్యమిచ్చును గాని అప్పులనుండి అభయమీయదు.

1882 జూన్ 2న ఆ తెల్లని యింటనే గారిబాల్డి కన్నుమూసెను. తన దేహమును దహింపవలెనని ఆయన కోరెను. పెద్దలు ఆ కోర్కె చెల్లింపక, ఆ నేలలోనే పాతిపెట్టి, చెక్కని గ్రానైటుబండ మూతగ నుంచిరి. నేడు ఆ యిల్లు ప్రదర్శనశాల. 1867లో కుమార్తె క్లేలియా పుట్టినప్పుడు నాటిన దేవదారు వృక్షము ముంగిట నిలిచియున్నది.

నేడు మన ప్రాంతమున భూమిని కొనువారు అనేకులు వెల పెరుగునను నమ్మకముతో కొనుచున్నారు. అది తప్పని మేమనము. కాని ఎకరము ధర లెక్కించువేళ, అమ్మకమునకు రాని లాభమొకటి ఆ భూమిలో కలదని తలచుకొనుట మేలు. తన గింజ తాను పండించుకొను ఊరివాడు, సర్పంచి మొదలు మంత్రివరకు ఎవ్వరైనను ఆశచూపి అడుగవచ్చినపుడు, ఒకమారు ఆలోచించి కాదని చెప్పగలడు. ఆ ఒక్కమాట చెప్పగలవారు ఊరికి పదిమంది ఉన్నను ఆ ఊరి ధర్మము నిలుచును.