బి.ఎన్. రెడ్డిగారు - ఇంటి దీపము, తెరపై వెలుగు

బొమ్మిరెడ్డి నరసింహారెడ్డిగారు 1908 నవంబరు 16వ తేదీన పులివెందుల తాలూకా కొత్తపల్లె యందు జన్మించిరి. బి.ఎన్. రెడ్డిగారను పేరుతో ఆంధ్రదేశమంతట ప్రసిద్ధులైన వీరు మన సీమవారే. కావున మన గ్రంథాలయ రజతోత్సవ సంచికలో వీరిని స్మరించుకొనుట మనకు విధి.

మదరాసులో వీరి కుటుంబమువారు బి.ఎన్.కె. ముద్రణాలయమును నడిపిరి. అచ్చుపని నుండి రెడ్డిగారి దృష్టి చలనచిత్రముల వైపు మరలెను. హెచ్.ఎం. రెడ్డిగారి "గృహలక్ష్మి" (1938) నిర్మాణమున పాల్గొనిన పిమ్మట, మూలా నారాయణస్వామిగారి తోడ్పాటుతో వాహినీ సంస్థను నెలకొల్పి, 1939లో "వందేమాతరము"నకు దర్శకత్వము వహించిరి. ఆ చిత్రమునకు ఛాయాగ్రాహకులు కె. రామ్‌నాథ్, కళాదర్శకులు ఎ.కె. శేఖర్. వెలుతురు విలువ నెరిగిన సహచరులు లభించుట రెడ్డిగారి భాగ్యము.

మన మిద్దె యిండ్లలో మధ్యాహ్నవేళ పైకప్పు గవాక్షము నుండి ఎండ కంబమువలె దిగును. సున్నపు గోడ దానిని మెత్తబరచి గదికి పంచిపెట్టును. రాత్రి గూటిలోని దీపము దాపున నున్నవారి చెంపను చూపి, దూరపు మూలను చీకటికి విడిచిపెట్టును. దూరము రెట్టింపైనచో వెలుగు నాల్గవ వంతగును గదా! దినదినము చూచునదియే గనుక దీనిని మనము గమనింపము. చిత్రము తీయువాడు గమనింపక తప్పదు. ఆనాటి ఫిలిమునకు ప్రమిద వెలుగు చాలదు. జ్వాల తెరపై చుక్కగా కానవచ్చును గాని ముఖము కానరాదు. అందుచే పెద్ద దీపమునొకదానిని చాటుగా నిలిపి, కాంతి ప్రమిద నుండియే వచ్చుచున్నట్లు భ్రమ కల్పింపవలెను. నీడ ఒక్కటి పెడదిక్కున పడినను ప్రేక్షకుడు కారణము చెప్పలేడు, కాని నమ్మడు. ఏలయన సరియైన నీడను అతడు తన యింట పుట్టిననాటి నుండి చూచుచునే యున్నాడు.

1951లో వెలువడిన "మల్లీశ్వరి" యందు ఈ పరీక్ష మిక్కిలి కఠినము. కథ రాయలవారి కాలమునాటిది. విద్యుద్దీపము లేదు, కిరసనాయిలు బుడ్డి లేదు. ఎండ, వెన్నెల, ప్రమిద, దివిటీ మాత్రమే కలవు. వానరాత్రి సత్రములో మారువేషమున నున్న రాయలవారి యెదుట మల్లీశ్వరి నర్తించు ఘట్టము దీపముల నడుమ జరుగవలసినదే. ఛాయాగ్రాహకులు ఆది ఇరానీ. దేవులపల్లివారి పాటలను, భానుమతిగారి గానమును మెచ్చనివారు లేరు. వెలుగును మెచ్చినవారు తక్కువ. ఇది న్యాయము కాదని నా యభిప్రాయము.

"స్వర్గసీమ" (1945)కు ఛాయాగ్రహణము నెరపిన మార్కస్ బార్ట్లీయే తదుపరి "మాయాబజార్" (1957)లో వెన్నెల కురిపించి విఖ్యాతుడయ్యెను. "బంగారు పాప"కు రెడ్డిగారి సోదరులు కొండారెడ్డిగారు ఛాయాగ్రాహకులు. కమ్మరి కోటయ్య కథయైన ఈ చిత్రము 1955 సంవత్సరమునకు ఉత్తమ తెలుగు చిత్రముగా జాతీయ పురస్కారమందెను.

ముప్పది సంవత్సరములలో రెడ్డిగారు దర్శకత్వము వహించినవి పదునొకండు చిత్రములే. ఏటేట రెండు మూడు తీయువారున్న రంగమున ఇంత నిదానము లాభసాటి కాదు. అయినను వీరు తొందరపడలేదు. చివరిది "బంగారు పంజరము" (1969). 1974 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము వీరిని వరించెను. దక్షిణాదిన దానిని పొందిన ప్రథములు వీరే. 1977 నవంబరు 8వ తేదీన మదరాసులో కాలధర్మము నొందిరి.