పునాదిరాయి వేసిన వారానికే కన్నుమూశారు.. రాళ్లలో అడవుల్ని చూసిన బీర్బల్ సాహ్ని కథ తెలుసా?

లక్నో, 1949 ఏప్రిల్ 3. శిలాజ వృక్షశాస్త్ర సంస్థ భవనానికి ప్రధాని నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఆ పునాదిరాయి మామూలు రాయి కాదు, దాంట్లో శిలాజాలు పొదిగారు. దాన్ని తయారు చేయించిన ప్రొఫెసర్ బీర్బల్ సాహ్ని సరిగ్గా వారం తిరిగేసరికి గుండెపోటుతో చనిపోయారు. వయసు 57 ఏళ్లే!

సాహ్ని పుట్టింది 1891 నవంబర్ 14న, ఇప్పుడు పాకిస్థాన్‌లో ఉన్న భేరాలో. అన్నట్టు నెహ్రూ పుట్టినరోజు కూడా అదే తేదీ. లాహోర్‌లో చదివి కేంబ్రిడ్జ్ వెళ్లారు. 1921లో లక్నో యూనివర్సిటీలో బోటనీ ప్రొఫెసర్ అయ్యారు. 1936లో రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికయ్యారు.

ఆయన పని చూస్తే ఆశ్చర్యమేస్తుంది. దక్కన్‌ను ఒకప్పుడు లావా ముంచెత్తింది. ఒక లావా పొరకీ, ఇంకో పొరకీ మధ్య ఉన్న చెరువుల అడుగున ఆకులు, కాయలు, గింజలు రాయిగా మారాయి. మన రాజమహేంద్రవరం దగ్గర కూడా ఇలాంటి పొరలున్నాయి. ఆ రాయిని పల్చగా కోసి, వెలుతురు దూరేదాకా అరగదీసి మైక్రోస్కోప్ కింద పెడితే మొక్క కణాలు కూడా కనిపిస్తాయి. వాటిని ఇప్పటి మొక్కలతో పోల్చి, ఏది దేనికి చుట్టమో తేల్చడమే సాహ్ని పని.

మధ్యప్రదేశ్‌లోని మోహగావ్ కలాన్‌లో నీపా తాటి కాయ శిలాజం దొరికింది. ఈ చెట్టు ఇప్పుడు సుందర్‌బన్స్ లాంటి ఉప్పునీటి బురదలో పెరుగుతుంది. మరి సముద్రానికి అంత దూరంలో ఎలా వచ్చింది? అప్పట్లో సముద్రపు పాయ ఒకటి దగ్గర్లోనే ఉండేదని సాహ్ని లెక్కగట్టారు. లావా వయసు కూడా అనుకున్నదానికన్నా తక్కువని, అది డైనోసార్ల తర్వాతి యుగానిదని వాదించారు. ఇప్పటి కొలతల ప్రకారం అది సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటిది, అంటే రెండు యుగాల సరిహద్దు. ఆయన మాట సగం నిజమైందన్నమాట.

ఆ పొరలు ఇంకా ఖాళీ కాలేదు. ద్రాక్ష కుటుంబానికి చెందిన అతి పాత కాయల శిలాజాలు అక్కడే దొరికాయని 2013లో ప్రకటించారు. మన పెరట్లో పాకే నల్లేరు తీగ కూడా ఆ కుటుంబమే!

సాహ్ని పోయాక సంస్థ ఆగిపోతుందనుకున్నారు. భార్య సావిత్రి సాహ్ని ఆ భారం నెత్తికెత్తుకున్నారు. 1953లో భవనం తెరుచుకుంది, దాన్ని ప్రారంభించిందీ నెహ్రూనే. సాహ్ని సమాధి ఆ ఆవరణలోనే ఉంది.