బ్రూస్ లీ – సగములో ఆగిన చిత్రము

నల్లచారల పసుపుపచ్చ దుస్తులలోని బ్రూస్ లీ బొమ్మను గుర్తుపట్టని కుర్రవాడు మా రైల్వే క్వార్టర్సులో లేడు. ఆ దుస్తులు ఏ చిత్రములోనివో, ఆ చిత్రమునకు ఏమి జరిగినదో తెలిసినవారు మాత్రము తక్కువ. ఉగాది సంచికలో చీనా వస్తాదు కథ ఏమిటని పెద్దలు అనుకొనవచ్చును. ఇదియు ఊరు విడిచి బ్రతుకబోయినవాని కథయే గనుక మన్నింతురని మా ఆశ.

లీ 1940 నవంబరు 27న అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టినాడు. తండ్రి కాంటనీసు సంగీత నాటకముల నటుడు. సమాజముతో కూడ అక్కడ ఆడుచున్న రోజులవి. పసితనముననే హాంకాంగు చేరి అక్కడ పెరిగినాడు. బాలనటుడుగా చిత్రములలో వేసినాడు. ఇప్ మాన్ అను గురువు వద్ద వింగ్ చున్ విద్య నేర్చినాడు. వీధి తగవులు హెచ్చుటచే 1959లో తలిదండ్రులు వానిని ఓడ ఎక్కించి అమెరికాకు పంపినారు. సియాటిల్‌లో హోటలులో వడ్డన చేయుచు చదువుకొని, తరువాత విద్య నేర్పుచు, 1964లో లిండాను పెండ్లాడినాడు. టెలివిజనులో 1966–67లో దొరకినది కారు నడుపు సేవకుని వేషము. పుట్టిన దేశమున కథానాయకుని వేషము దొరకక, మరల హాంకాంగు పోవలసివచ్చినది. అక్కడ 1971లో ‘ది బిగ్ బాస్’, 1972లో ‘ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ’, ‘వే ఆఫ్ ది డ్రాగన్’ వానిని జనమునకు దేవుని చేసినవి.

1972లోనే ‘గేమ్ ఆఫ్ డెత్’ మొదలుపెట్టినాడు. దర్శకుడును తానే. అంతస్తుల గోపురము, అంతస్తునకొక వస్తాదు, ఒక్కొక్కని గెలిచి పైకెక్కవలెను. తన మిత్రుడు డాన్ ఇనోసాంటో ఒకడు, కొరియా గురువు జి హాన్ జే ఒకడు, పైన ఏడడుగుల రెండంగుళముల బాస్కెట్‌బాల్ ఆటగాడు కరీమ్ అబ్దుల్ జబ్బార్. ఈ పోరాటములు చిత్రించిన పిమ్మట ‘ఎంటర్ ది డ్రాగన్’ అవకాశము రాగా పని ఆపి అటు పోయినాడు. తిరిగి వచ్చి పూర్తిచేయవలెననుకొన్నాడు. 1973 జూలై 20న మెదడు వాచి హాంకాంగులో మరణించినాడు. వయస్సు 32.

అయిదేండ్ల తరువాత, 1978లో, రాబర్ట్ క్లౌజ్ దర్శకత్వమున ఆ చిత్రము విడుదలైనది. కథ మార్చినారు. కిమ్ తాయ్ చుంగ్ అను కొరియావానికి నల్లకండ్లద్దములు, గడ్డము పెట్టి లీ అనిపించినారు. గెంతులకు యువెన్ బియావో. ఒకచోట అద్దముపై లీ ముఖము అట్టబొమ్మను అతికించినారు. నిజమైన అంత్యక్రియల చిత్రములను కూడ కథలో కలిపినారు. తెర మీద ఆడుచున్నది శవపేటికలోని ఆ ముఖమే అని తెలిసిననాడు మాకు అన్నము సహించలేదు. లీ తీసిన భాగములో పదునొకండు నిమిషములకు కొంచెము హెచ్చుగా మాత్రమే అందున్నది.

మా ఆఫీసులో రిజిస్టరు వ్రాయు గుమాస్తా నడుమ పోయినచో, వచ్చినవాడు అడ్డగీత గీసి, తేదీ వేసి, క్రింద తన చేవ్రాతతో మొదలుపెట్టును. పోయినవాని దస్తూరీ దించడు. దించినచో ఉద్యోగము పోవును. సినిమావారికి ఈ నియమము లేదు. ఒక మాట వారి పక్షమున: పెట్టిన డబ్బు, ఎదురుచూచు జనము, రెండును నిజమే.

ఇంకొకటి. 1978 కథలో నటుడైన నాయకుని షూటింగులో ఉత్తుత్తి తుపాకికి బదులు నిజమైన గుండుతో కాల్చుదురు. 1993 మార్చి 31న లీ కుమారుడు బ్రాండన్, ‘ది క్రో’ చిత్రపు షూటింగులో తుపాకి దెబ్బకే పోయినాడు. వయస్సు 28. ఆ చిత్రమును కూడ మారుమనిషితో, కంప్యూటరుతో పూర్తిచేసి 1994లో విడుదల చేసినారు. సియాటిల్‌లో తండ్రీ కొడుకుల సమాధులు ప్రక్క ప్రక్కనే ఉన్నవి.

2000లో జాన్ లిటిల్ అనునతడు, లీ తీసిపెట్టిన ఫిల్మును, అతని వ్రాతల ప్రకారము కూర్చి డాక్యుమెంటరీలో చూపించినాడు. గోపురము ఎక్కునపుడు లీ వెంట ఇద్దరు తోడున్నారు; 1978లో వారిని కత్తిరించినారు. పై అంతస్తులో జబ్బార్ కండ్లు వెలుతురును ఓర్వవని లీ కనిపెట్టి కిటికీ తెరలు చించును. మా వానికి మొన్న ఆ భాగమే వేసి చూపించితిమి. పెద్ద చిత్రము ఏదని అడిగినాడు. ఇంతేనన్నాము.